మడక కట్టి చూసిన కంప్యూటర్

మా అన్న కూతురు కావ్య ఫోన్ చేసిందంటే కుశలప్రశ్నలేవీ ఉండవు, నేరుగా విషయంలోకి దిగుతుంది. మొన్నా అంతే. "అత్తా, పాతది కొనేదా, కొత్తదానికి ఆగేదా? నువ్వు ఏది చెప్తే అది" అంది. బనియన్ బట్ట మీద అచ్చు వేసే డిజైన్లు గీయడం ఆ పిల్ల పని. ఇన్నాళ్ళూ కోయంబత్తూరులో ఒకరి దగ్గర జీతానికి చేసి, ఇప్పుడు సొంతంగా మొదలుపెడుతోంది. తిరుప్పూరులో ఒకాయన మొదటి ఆర్డరు ఇస్తానన్నాడు. వచ్చే వారమే పని మొదలుకావాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాడు. చిక్కంతా కంప్యూటర్ దగ్గరే వచ్చింది. తన చేయి తిరిగిన ప్రోగ్రాం పాతరకం చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే సరిగ్గా నడుస్తుందట. తయారుచేసేవాళ్ళు ఆ చిప్‌నే మార్చేస్తున్నారు. కొత్త చిప్ మీద ఆ ప్రోగ్రాం ఇంకా కుదురుకోలేదు, కొన్నాళ్ళు పడుతుంది. అంగళ్ళలో మిగిలిపోయిన పాతరకాలను మాత్రం ధర తగ్గించి వదిలించుకుంటున్నారు. "నాయన ఆగు ఆగు అంటానే ఉండాడు అత్తా. ఇప్పుడు పాతది కొంటే రెండేండ్లలో ఇనప సామాన్లోళ్ళకు ఎయ్యాల్సిందేనంట" అని దాని ఫిర్యాదు. నిజం చెప్పాలంటే నా నాలుక చివరికి వచ్చిన మాట కూడా 'ఆగు' అనే. ఈ వయసులో మనిషికి అన్నిటికంటే తేలిగ్గా వచ్చే సలహా అదే. ఎందుకో దాన్ని మింగేసి, రేపు చెప్తానమ్మా అని ఫోన్ పెట్టేశాను.

ఫోన్ పెట్టేసిన తరువాత పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మనసులో నేను తిరుప్పూరు పక్కన అవినాశిలోని మా పుట్టింట్లో ఉన్నాను మరి. ఆ ఇంటికి రెండు వాసనలు. ముందు భాగంలో బనియన్ బట్ట వాసన, కాలుతున్న ఇస్త్రీపెట్టె వాసన. వెనక భాగంలో నువ్వులనూనె, ఉడికే రాగిసంగటి, తడిసిన తవుడు. ముందరి హాల్లో మా నాయన కటింగ్ బల్లలు, కుట్టుమిషన్లు. వెనక వసారాలో అమ్మ వంటిల్లు, అవ్వ మంచం. నూలు దుమ్ము ఎంత దులిపినా పోయేది కాదు. పెరుగు మీద కూడా సన్నగా పేరుకునేది, అమ్మ దాన్ని స్పూనుతో తీసేసి ఏమీ జరగనట్టు వడ్డించేది. టైలర్లతో అరవం, ఇంట్లో తెలుగు, ఎగుమతి కాగితాల మీద ఇంగ్లీషు. మా వాళ్ళు ఈ వైపు ఎప్పుడు వచ్చారో ఎవరికీ తెలియదు, అడిగితే "మేము ఈడోళ్ళమే" అనేది అవ్వ. తెలుగు మాట్లాడడం పుట్టుకతో వచ్చింది కానీ, తెలుగు అక్షరాలు నేను పెళ్ళయ్యాక పిల్లల బొమ్మల పుస్తకంలోంచి నేర్చుకున్నవే. ఇవాళ ఇలా రాస్తున్నానంటే నాకే కొంచెం గర్వంగా ఉంటుంది.

అవ్వ నాయనకు తల్లి. మదురై దాటి దక్షిణాన నల్లరేగడి నేలల్లో వ్యవసాయం చేసిన మనిషి. తాత పోయాక ఒంటరిగా సేద్యం నడిపింది. ఆడవాళ్ళు పశువుల సంతకు పోయే వాడుక లేని రోజుల్లో తనే పోయి ఎద్దుల నోరు తెరిచి పళ్ళు చూసి కొనుక్కొచ్చేది. నేల నాయన తమ్ముడికి అప్పగించి మా ఇంటికి వచ్చేశాక కూడా ఆ పద్ధతులు వదల్లేదు. మా ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా ఆమె పరీక్ష నెగ్గాలి. గ్రైండర్ వస్తే తన చేతులతో నానబెట్టిన పప్పు వేసి రుబ్బించి, పిండి వేళ్ళ మధ్య నలిపి చూసి గానీ సరే అనలేదు. కుట్టుమిషన్ వస్తే దాని పక్కన మంచం వేయించుకుని ఒక పూట పడుకుంది. "గొడ్డు ఎట్ల నిద్రపోతాదో చూడల్ల" అంది. మిషన్ నిద్రపోదవ్వా అని నవ్వితే, "నీకేం తెలుసు, పో" అని కసిరింది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు.

ఆ రోజుల్లోనే నేను డిగ్రీ ముగించి, కోయంబత్తూరులో ఒక సెంటర్‌లో కంప్యూటర్ కోర్సు చేశాను. అక్కడ నేర్పినదానిలో సగం నోట్సులోనే ఉండేది. మెషిన్ ముందు కూర్చునే వంతు కోసం కాచుకుని ఉండేవాళ్ళం, కూర్చుంటే లేచే బుద్ధి పుట్టేది కాదు. కోర్సు అయిపోయాక ఇంటికి వచ్చాను. కొన్ని వారాలు గడిచేసరికి వేళ్ళు దారి మరిచిపోతున్నట్టు నాకే తెలిసిపోతూ వచ్చింది. అట్ట ముక్క మీద కీబోర్డు గీసుకుని దానిమీద టైపు చేస్తుంటే అమ్మ చూసి జాలిపడింది. బోడినాయకనూరులో (మేం బోడి అంటాం) మా మేనత్తవాళ్ళకు ఏలకుల మండీ ఉంది. ఊరికే కూర్చోవడం ఎందుకు, అక్కడికి పోయి మేనత్తకు తోడుగా ఉండనీ అని ఇంట్లో మాట నడుస్తోంది. మేనత్త మంచిదే. ఆ ఇంట్లో నాకు లోటేమీ ఉండదు. కానీ అక్కడికి పోతే నేర్చుకున్నది అక్కడితో సరి. నాకు భయంగా ఉండేది. ఆ భయం ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు.

సరిగ్గా అప్పుడే తిరుప్పూరు నుంచి గోవిందు మామ కబురు వచ్చింది. ఆయన మాకు దూరపు చుట్టం, పెద్ద ఎక్స్‌పోర్టరు. తన ఆఫీసులో ఉన్న త్రీ ఎయిటీ సిక్స్ రకం కంప్యూటర్ తీసేసి కొత్తగా వచ్చిన ఫోర్ ఎయిటీ సిక్స్ పెట్టుకుంటున్నాడు. పాతది మీకు కావాలంటే ప్రింటర్‌తో సహా ఇస్తానన్నాడు. నాయనకు అవసరం ఉంది. పెట్టెల్లో ఏ సైజులు, ఏ రంగులు ఎన్ని వెళ్తున్నాయో ప్యాకింగ్ లిస్టులు చేత్తో రాసేవాడు. ఒక్క అంకె తప్పితే కార్బన్ పేపర్లన్నీ మార్చి మొదటినుంచీ రాయాల్సిందే. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మెషిన్ ఇంటికి వస్తే దాని ముందు కూర్చునేది నేనే, ఇంట్లో ఇంకెవరికీ రాదు. రాకపోతే బోడి బస్సు ఎక్కడమే.

అన్న సెలవులకు వచ్చి ఉన్నాడు. మదురైలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సీటు ఆలస్యంగా దొరికింది కాబట్టి ఇంకో ఏడాది ఉంది. వాడు ఒంటికాలి మీద లేచాడు. "నాయనా, వాళ్ళు పారేసేది మనం ఎత్తుకొనేదా? ఇప్పుడొచ్చే ప్రోగ్రాంలన్నీ కొత్త చిప్ కోసమే రాస్తా ఉండారు. ఒక ఏడు ఆగితే కొత్తదే ఇదే ధరకు దిగివస్తాది. అప్పుడు దీన్ని ఊరికే ఇచ్చినా ఎవరూ ఎత్తుకొనరు" అన్నాడు. వాడు ఏది చెప్పినా వరసగా చెప్తాడు, ఒక్కో వేలు మడుస్తూ. నాయన తల ఊపుతున్నాడు. వాడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదని కోర్సు చదివిన నాకే అందరికంటే బాగా తెలుసు.

అవ్వ తమలపాకు ఈనె తీస్తూ అంతా విన్నది. "ఏం పా, మీ తాత కతే చెప్తా ఉండావే" అంది అన్నతో. తరువాత ఆ కథ చెప్పింది. రేగడి నేలకు ఐప్పసి నెలలో, అంటే దీపావళి రోజుల్లో, వాన పడితే పదును కొద్ది రోజులే నిలుస్తుంది, ఆ లోపలే దున్ని విత్తనం వెయ్యాలి. ఒక ఏడు మా తాత దగ్గర ఎద్దుల జోడు లేదు. పక్క ఊళ్ళో ఒక వయసు మళ్ళిన జోడు దొరుకుతుంటే వద్దన్నాడు. "వచ్చే సంతకు మంచి జోడు వస్తాదని ఆగినాడు. ఈయన ఆగినాడని వాన ఆగునా? పడె. పదును పోయె. చేనంతా బీడు. మంచి జోడు వచ్చింది, ఔను, లేదనలే. నిండా మంచి జోడే. దున్నేకి ఏముండాది? తొట్టికాడ కట్టేసి చూస్తా కూర్చుంటిమి" అంది. నాయన నవ్వాడు. అన్న "ఎద్దూ కంప్యూటరూ ఒకటేనా అవ్వా" అన్నాడు. "ఒకటో కాదో మడక కట్టి చూస్తే తెలుస్తాది. తోలుకొని రాండి" అని అవ్వ తీర్పు చెప్పేసింది. మడక అంటే మా మాటలో నాగలి. ఎద్దును కొనేముందు ఇంటికి తోలుకొచ్చి, మన చేలో, మన నాగలికి కట్టి దున్నించి చూస్తారు. మన మేత వేసి తింటుందో లేదో చూస్తారు. నచ్చితేనే బేరం. గోవిందు మామ కూడా ఆ నేల నుంచి వచ్చినవాడే కాబట్టి, కంప్యూటర్‌కు మడక కట్టి చూస్తామంటే ఆశ్చర్యపోకుండా "సరి, తోలుకొని పోండి" అన్నాడు.

ఆదివారం నాడు టెంపో మాట్లాడుకుని నాయన, అన్న, నేను, మాతో అవ్వ కూడా తిరుప్పూరు వెళ్ళాం. అన్నీ దుప్పట్లలో చుట్టి ఎక్కిస్తుంటే అవ్వ అడ్డం పడింది. గొడ్డు ఇల్లు దాటేటప్పుడు అమ్మేవాళ్ళ పలుపుతాడుతో దాటకూడదు. తాడు వాళ్ళ ఇంట్లోనే ఉండాలి, కొనేవాళ్ళు తమ తాడు తెచ్చుకోవాలి. లేకపోతే ఆ ఇంటి కలిసివచ్చే గుణం గొడ్డు వెంట పోతుందని నమ్మకం. అవ్వ కంప్యూటర్ పెట్టెకు వేలాడుతున్న నల్లటి కరెంటు తీగను చూసి, "పలుపు తీసి వాళ్ళకిచ్చేయండి" అంది. మామ అంత పెద్ద ఎక్స్‌పోర్టరు, దేశదేశాలకు సరుకు పంపేవాడు, రెండు చేతులూ చాచి ఆ తీగను అందుకున్నాడు. ఆయన భార్య దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. చదువుకున్నవాళ్ళం ఇద్దరం పక్కనే ఉన్నాం. దాని అర్థం ఏమిటో మాకూ అవినాశి చేరి, అన్నీ విప్పి, బల్ల మీద అమర్చి, అవ్వ హారతి ఇచ్చాక గానీ తట్టలేదు. తగిలించడానికి తీగ లేదు.

అవినాశిలో ఆ రోజుల్లో అలాంటి తీగ ఎవరి దగ్గర ఉంటుంది? నాయన మొపెడ్ వేసుకుని మళ్ళీ తిరుప్పూరు పోయాడు. మామ భార్య ససేమిరా అంది. ఇచ్చిన పలుపు తిరిగి ఇవ్వడమా, ఇంకేమైనా ఉందా అని గడప దగ్గరే నిలబెట్టి, కాఫీ ఇచ్చి, ఉత్త చేతులతో పంపింది. మర్నాడు అన్నే బస్సెక్కి కోయంబత్తూరు పోయి, నాలుగు అంగళ్ళు తిరిగి కొత్త తీగ కొనుక్కొచ్చాడు. "ఇదో, మీ కొత్త పలుపు" అని నా ఒళ్ళో పడేశాడు. మెషిన్ వద్దని వాదించినవాడే దానికోసం ఎండలో తిరగడం చూసి అమ్మ మజ్జిగ ఇస్తూ నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు. పద్ధతి ప్రకారం జరిగిందని తృప్తిగా చూసింది.

ఆ వారమే ఒక పెద్ద సరుకు పోవాల్సి ఉంది. అదే మడక. నాయన సైజులు చదువుతుంటే నేను కొట్టాను. మొదటిరోజు సగం పని అయ్యాక మెషిన్ బిగుసుకుపోయింది, చేసినదంతా పోయింది. అన్న గుమ్మంలో నిలబడి "చెప్తినా లేదా?" అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవ్వ పీట లాక్కుని నా పక్కన కూర్చుంది. "సాలులో ఎద్దు పడుకొంటాది కణ్ణూ. అది తప్పు కాదు. లేపితే లేస్తాదా లేదా, అది చూడు" అంది. ఆపి మళ్ళీ పెట్టాను. లేచింది. మర్నాడు ప్రింటర్ టకటకమని లిస్టు మొత్తం బయటికి తోసింది. టైలర్లు మిషన్లు ఆపి వచ్చి చూశారు. నాయన ఆ కాగితం పట్టుకుని అంకెలన్నీ వేలుపెట్టి సరిచూసుకున్నాడు. ఒక్కటీ తప్పలేదు. మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చుంటూ, "రాజీకి మొదట పెట్టు, పని ఉండాది దానికి" అని నన్ను చూపించి అమ్మతో అన్నాడు. ఆ అన్నం రుచి ఇప్పటికీ చెప్పగలను.

మూడో నాడో నాలుగో నాడో అవ్వ అందరి ముందూ, "ముసలిదే. ఉండనీ. కొనేయి" అంది నాయనతో. మళ్ళీ వాదన మొదలవుతుందని నేను అన్న వైపు చూశాను. వాడు వేళ్ళు మడవలేదు. "మీ ఇష్టం" అని లేచి పోయాడు. ఓడిపోయినందుకు అలిగాడనుకున్నాను. లోలోపల కొంచెం సంతోషం కూడా వేసింది. బోడి ప్రయాణం మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

అన్న చెప్పినవన్నీ నిజమయ్యాయి, అది చెప్పకపోతే అన్యాయం. ఏడాది తిరక్కుండానే కొత్తరకం ధర దిగింది. కొత్త ప్రోగ్రాంలు మా మెషిన్‌లో ఎక్కమంటే ఎక్కమన్నాయి. విడిభాగం కావాలంటే చెన్నై దాకా మనిషిని పంపాల్సి వచ్చేది. చివరికి దాన్ని అటక మీదికి ఎక్కించాం. కానీ ఈలోగా నాకు పని చేతికి వచ్చింది. మా యూనిట్‌వే కాక చుట్టుపక్కల నాలుగు యూనిట్ల లిస్టులూ మా ఇంటికే వచ్చేవి. తరువాతి మెషిన్, దాని తరువాతిది, నేనే ఎంచి కొన్నాను. పెళ్ళయి తిరుప్పూరు వచ్చాక కూడా పొద్దున్నే బస్సెక్కి అవినాశి పోయి ఆ బల్ల ముందు కూర్చునేదాన్ని. నాయన తరువాత యూనిట్ నేనే నడిపాను. అన్న చదువయ్యాక ఒక స్పిన్నింగ్ మిల్లులో ఉద్యోగానికి చేరాడు, ఇన్నేళ్ళూ ఒకరి కింద జీతానికే చేశాడు. వాడికి అదే ఇష్టమనుకున్నాం. ఎవరం అడగలేదు.

ఇప్పుడు వస్తువు కొనడం వేరు. కావ్య ఆ ల్యాప్‌టాప్‌ను ఫోన్‌లో చూస్తుంది, ఎవరెవరో ఏమన్నారో చదువుతుంది, నచ్చకపోతే వెనక్కి పంపేయవచ్చు. మడక కట్టి చూడడం ఇప్పుడు అందరికీ దక్కిన హక్కు అయిపోయింది, మంచిదే. అయినా ఆ పిల్ల నిద్రపోవడం లేదని గొంతులో తెలుస్తోంది. అప్పుడు మా ఇంట్లో ఒక మనిషి మాట ఉండేది, అది అయిందంటే అయిందే. ఆ బరువు ఇప్పుడు ఒక్కొక్కరి నెత్తిన ఒక్కొక్కటిగా పడింది. అవ్వ లాంటి మనిషి ప్రతి ఇంట్లో ఉండాలని నేననను, ఆమెతో బతకడం సులువు కాదు. కానీ ఆమె చూసింది మెషిన్ వయసు కాదు, నా వయసు. నాకు పదును ఎన్నాళ్ళు నిలుస్తుందో చూసింది. నిన్నటిదాకా నేను అలాగే అనుకున్నాను.

నిన్న పొద్దున్నే కావ్యకు కాదు, ముందు అన్నకు చేశాను. వాడితో పోట్లాడి ఒప్పించాలని సిద్ధపడే చేశాను. "అన్నా, దాన్ని కొననీ. ఆర్డరు ఆగదు. ఆ పొద్దు నువ్వు నాకు చెప్పినట్టే దానికీ చెప్తా ఉండావు" అన్నాను.

అన్న, "ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధం కాదు అమ్మిణీ" అన్నాడు. "మెషిన్ పాతదే. కానీ ఆగమనింది దానికోసం కాదు. ఒక ఏడు ఆగితే నా చదువు అయిపోతాది, కొత్తది వస్తాది, దాని ముందు నేను కూర్చుంటా, నాయనతోపాటు యూనిట్ చూసుకుంటా అనుకొంటి. ఎవరికీ చెప్పలే."

"అవ్వకు కూడానా?" అన్నాను.

"అవ్వ కనిపెట్టేసె. నేను కోయంబత్తూరు పోయి తీగ తెచ్చిన పొద్దు, పెరట్లో పిలిచి అడిగింది. 'నువ్వు యాడికి పోయినా నీకొక మెషిన్ ఇస్తారు సామీ. నీ చెల్లికి ఈ ఇంట్లో ఇయ్యకపోతే యాడా ఇయ్యరు. నువ్వు సరి అంటే కొంటాము. వద్దంటే తిరిగి పంపేస్తా, దానికి తెలియనీను' అనింది."

"నువ్వేమంటివి?"

"ఏమంటాను? సరి అంటి."

ఇన్నేళ్ళూ నేను గెలిచాననుకున్నాను. గుమ్మంలో నిలబడి "చెప్తినా లేదా" అన్నప్పటికి వాడు సరి అనేసి ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. వాడు విన్నాడు కాబోలు, "ఛీ, ఏందిది, ఈ వయసులో" అని కసిరాడు. కసరడం అచ్చం అవ్వలాగే ఉంటుంది వాడిది.

కాసేపటికి తనే అన్నాడు, "సరి, కావ్యకు నువ్వే చెప్పేయి, కొనుక్కోమని. నేను చెప్తే దానికి ఆగమన్నట్టే వినిపిస్తాది."

"లేదన్నా. ఈ మాట నువ్వే చెప్పల్ల" అన్నాను.

వాడు ఫోన్ పెట్టలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ నడవడం, ఏదో తలుపు తీయడం వినిపించింది. "కావ్యా, ఆ పాతదే కొనుక్కో సామీ. ఇప్పుడే పోయి తెచ్చుకో" అన్నాడు.

"ఏం నాయనా, అత్త చెప్పిందా?" అంది ఆ పిల్ల.

"లేదు" అన్నాడు అన్న. "నేనే చెప్తా ఉండా."